కప్పల తక్కెడ

ఒక మాట మీద నిలవని నలుగురిని ఒకచోట కూర్చోబెట్టవలసి వస్తే మన పెద్దలు దాన్ని "కప్పల తక్కెడ" అనేవారు. ఒక కప్పను పట్టి తక్కెడలో వేసేలోగా ఇంకొకటి బయటికి దూకుతుంది. దాన్ని పట్టుకొచ్చేలోగా మొదటిది మాయం. తూకం ఎప్పటికీ కుదరదు. సంఘాల సర్వసభ్య సమావేశాలకు వెళ్ళివచ్చిన మన పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కానీ ఐరోపా ఖండం నడుమ ప్రకృతి తానే పట్టుకున్న ఒక కప్పల తక్కెడ ఉంది. రెండు వైపుల నుంచీ కప్పలు అందులోకి వచ్చి పడుతూనే ఉంటాయి, కొన్ని రాలిపోతూనే ఉంటాయి. అయినా తూకం మాత్రం చెదరడం లేదు. నేను చదువుకున్నది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. జీవశాస్త్రంతో నాకున్న పరిచయం హైస్కూలుతోనే ఆగింది. అయినా ఈ కప్పల సంగతి నన్ను పట్టి కూర్చోబెట్టిందంటే, ఇది అచ్చంగా జమాఖర్చుల కథ కావడమే కారణం.

ఎర్రపొట్ట, పసుపుపొట్ట

పోలండు, ఉక్రెయిన్, హంగరీ, రుమేనియా మొదలైన దేశాల్లో రెండు రకాల చిన్న కప్పలున్నాయి. పొడవు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. పైనుంచి చూస్తే రెండూ బురద రంగులోనే ఉంటాయి. తేడా అంతా పొట్టమీద ఉంది. ఒకదానికి నల్లటి పొట్టమీద నిప్పుకణికల్లాంటి ఎర్రటి మచ్చలు, మధ్య మధ్య తెల్లటి చుక్కలు. దీని శాస్త్రీయ నామం బాంబినా బాంబినా. రెండోదాని పొట్టమీద పసుపు మచ్చలు పెద్దవిగా పరుచుకుని ఉంటాయి. దీని పేరు బాంబినా వేరిగేటా. మన సౌకర్యం కోసం ఎర్రపొట్ట, పసుపుపొట్ట అని పిలుచుకుందాం.

శత్రువు ఎదురైతే ఈ కప్పలు పారిపోవడానికి బదులు వీపును విల్లులా వెనక్కి వంచి, కాళ్ళు పైకి లేపి, ఆ రంగుల్ని చూపిస్తాయి. "నా చర్మంలో విషముంది, నోట పెట్టుకున్నావో నీ ఖర్మ" అని హెచ్చరిక అన్నమాట.

రెంటి కాపురాలూ వేరు. ఎర్రపొట్టది మైదానం. అది ఏడాదిలో ఎక్కువ కాలం నీరు నిలిచే చెరువుల్లో, కుంటల్లో ఉంటుంది. పసుపుపొట్టది కొండప్రాంతం. వానకు నిండి, నాలుగు రోజులు ఎండ కాస్తే ఇంకిపోయే గుంటలు, అడవి దారుల్లో బండిచక్రాలు చేసిన గాడులు దానికి చాలు. ఎప్పుడూ ఒక గుంట వదిలి ఇంకో గుంట వెతుక్కోవాలి గనుక దాని చర్మం మందంగా, కాళ్ళు పొడవుగా ఉంటాయి. గుడ్లు తక్కువే పెడుతుంది గాని అవి పెద్దవి. వాటిలోంచి వచ్చే తోకకప్పలు, అంటే మనం బడి పుస్తకాల్లో టాడ్‌పోల్ అని చదువుకున్నవి, త్వరగా ఎదిగి నీరు ఇంకకముందే గట్టెక్కుతాయి.

గొంతులు కూడా వేరే. ఎర్రపొట్ట మగకప్పకు గొంతులో గాలితిత్తులున్నాయి. నీటి మీద తేలుతూ నెమ్మదిగా, దూరానికి వినబడేలా "ఊంక్... ఊంక్" అంటుంది. పసుపుపొట్టకు ఆ తిత్తులు లేవు. దాని పిలుపు మెత్తగా, కాస్త వేగంగా ఉంటుంది.

ఈ రెండూ ఒకే మూలం నుంచి విడిపోయి పదుల లక్షల ఏళ్ళయింది. మంచుయుగాల్లో ఐరోపా ఉత్తర భాగమంతా గడ్డకట్టినప్పుడు ఇవి దక్షిణాన వేర్వేరు చోట్ల తలదాచుకున్నాయి. సుమారు పది పన్నెండు వేల ఏళ్ళ కిందట చలి తగ్గాక ఒకటి మైదానం వెంట, ఇంకొకటి కొండల వెంట మళ్ళీ పైకి పాకాయి. కార్పాతియన్ కొండల పాదాల దగ్గర, మైదానం ముగిసి మెట్ట మొదలయ్యే చోట, ఈ దూరపు దాయాదులు మళ్ళీ ఎదురుపడ్డాయి. ఎదురుపడి ఊరుకోలేదు, జతకట్టాయి.

ఆరు కిలోమీటర్ల పొలిమేర

ఇలా రెండు జాతుల నివాసాలు కలిసే చోట, రెంటికీ పుట్టిన సంకర సంతానం ఉండే మేరను శాస్త్రజ్ఞులు సంకర మండలం అంటారు. పోలండు దేశంలో క్రాకోవ్ నగరం దగ్గర ఉన్న సంకర మండలాన్ని యాత్సెక్ షిమూరా అనే పోలిష్ శాస్త్రజ్ఞుడు, నిక్ బార్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కలిసి పరిశీలించి 1986లో తమ ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు పొట్టమీది మచ్చలు చూసి ఊరుకోలేదు. కప్పల శరీరంలోని కొన్ని ఎంజైములను జిగురులాంటి పొరలో విద్యుత్తుతో పరుగెత్తించి, ఏది ఎర్రపొట్ట సొత్తో ఏది పసుపుపొట్ట సొత్తో విడదీశారు. అలా ఒక్కో చెరువులో, ఒక్కో గుంటలో ఎవరి వాటా ఎంతో తేల్చారు.

ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. మైదానం వైపు నుంచి నడిస్తే మొదట అన్నీ ఎర్రపొట్టలే. కొండవైపు పోగా పోగా అన్నీ పసుపుపొట్టలే. ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగే మార్పంతా ఇంచుమించు ఆరు కిలోమీటర్ల వెడల్పులో జరిగిపోతోంది. అంటే మనవాళ్ళు పొద్దున్నే లేచి పక్క ఊరి సంతకు నడిచివెళ్ళే దూరం. ఆ ఆరు కిలోమీటర్లలో ఉన్నవి కూడా అప్పుడే పుట్టిన సగంసగం బిడ్డలు కావు. అచ్చమైన ఎర్రపొట్టకూ అచ్చమైన పసుపుపొట్టకూ నేరుగా పుట్టినవి అక్కడ అరుదు. ఎక్కువ భాగం ఎన్నో తరాలుగా కలుస్తూ వచ్చిన వంశాలవే.

తర్వాత వారే అక్కడికి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, ప్షెమిశ్ల్ అనే పట్టణం దగ్గర ఇదే లెక్క మళ్ళీ వేసి 1991లో ప్రచురించారు. అక్కడా వెడల్పు ఇంచుమించు ఆరు కిలోమీటర్లే! రెండు వేర్వేరు శాఖల్లో ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా కూడిన మొత్తాలు సరిపోతే మాకు కలిగే తృప్తి వారికీ కలిగే ఉంటుంది.

జమ, ఖర్చు

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. వేల ఏళ్ళుగా కలుస్తూ ఉన్నప్పుడు ఆ కలయిక పట్టీ ఏటేటా వెడల్పవుతూ పోవాలి కదా? చెంబుడు నీళ్ళలో వేసిన సిరాచుక్కలా చివరికి రెండు జాతులూ కరిగి ఒకటైపోవాలి కదా? ఎందుకు కాలేదు?

దీనికి వారు చెప్పిన సమాధానాన్ని మా ఖాతా పుస్తకం భాషలో చెబుతాను. సంకర మండలాన్ని ఒక ఖాతా అనుకోండి. ప్రతి ఏడాదీ మైదానం నుంచి ఎర్రపొట్టలూ, కొండల నుంచి పసుపుపొట్టలూ కొన్ని వచ్చి చేరుతాయి. ఇది జమ. పొలిమేరలో పుట్టిన సంకర సంతానంలో మామూలుకంటే ఎక్కువ భాగం గుడ్డులోనో తోకకప్పగానో చనిపోతుంది. ఇది ఖర్చు. జమా ఖర్చూ సమానంగా ఉన్నంత కాలం నిలువ మారదు, పట్టీ వెడల్పు మారదు. కప్పలు ఎక్కువ దూరం తిరిగేవైతే పట్టీ వెడల్పవుతుంది. సంకరాలకు నష్టం ఎక్కువైతే ఇరుకవుతుంది. కనుక వెడల్పూ, కప్పలు తిరిగే దూరమూ తెలిస్తే నష్టం ఎంతో లెక్కకట్టవచ్చు. నిలువనూ జమనూ చూసి ఖర్చును పట్టుకున్నట్టే.

ఆ నష్టం ఎందుకు? మన రైతు కుటుంబాల వారికి ఇది తెలిసిన విషయమే. హైబ్రిడ్ విత్తనం వేస్తే మొదటి పంట ఏపుగా వస్తుంది. ఆ పంట గింజల్నే దాచి మరుసటేడు వేస్తే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, దిగుబడి పడిపోతుంది. మొదటి తరంలో తల్లి గుణాల జట్టు ఒకటి, తండ్రి గుణాల జట్టు ఒకటి చెదరకుండా ఉంటాయి. ఆ తర్వాత తరాల్లో జట్లు విడిపోయి పేకముక్కల్లా కలిసిపోతాయి. లక్షల ఏళ్ళుగా కలిసి పనిచేయడానికి అలవాటుపడిన జన్యువులు విడిపోయి, కొత్తవాటితో పొసగక ఇబ్బంది పడతాయి. క్రొయేషియా దేశంలోని ఈ కప్పల మీద 1999లో వెలువడిన ఒక పరిశీలన కూడా సంకరాల గుడ్లలో మరణాలు ఎక్కువని చూపింది. అయితే అన్ని సంకర కుటుంబాలూ ఒక్కలా నష్టపోలేదు. కొన్ని కుటుంబాల గుడ్లు అచ్చమైన జాతుల గుడ్లలాగే నిక్షేపంగా పొదిగాయి.

దీనికి తోడు నివాసం సమస్య ఉంది. పసుపుపొట్ట తోకకప్పలు తిండికోసం చురుగ్గా తిరుగుతాయి. ఇంకిపోయే గుంటలో అది మంచిదే. తూనీగ పిల్లపురుగుల వంటి వేటగాళ్ళున్న చెరువులో మాత్రం కదిలినదే ముందు నోటపడుతుంది. ఎర్రపొట్ట తోకకప్పలు నిదానస్తులు. చెరువులో ఆ నిదానం ప్రాణం కాపాడుతుంది. బండిగాడిలో అదే నిదానం ప్రాణం తీస్తుంది, కాళ్ళు మొలిచేలోగా నీరు ఆరిపోతుంది. రెంటికీ మధ్యరకంగా పుట్టినదానికి ఈ రెండు చోట్లా పూర్తి భరోసా లేదు.

అయితే ఈ పట్టీ అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. క్రొయేషియాలో పెష్చెనిత్సా అనే ఊరి దగ్గర చెరువులూ గుంటలూ కలగాపులగంగా ఉన్నాయి. అక్కడ సరిహద్దు తిన్నగా గీత గీసినట్టు కాక, అతుకుల బొంతలా ఉంది. ఎర్రపొట్ట వాటా ఎక్కువున్న కప్పలు చెరువుల్ని, పసుపుపొట్ట వాటా ఎక్కువున్నవి గుంటల్ని ఎంచుకుంటున్నాయని 1998లో ప్రచురించారు.

చెక్‌పోస్టు దాటే సరుకు

సరిహద్దు అనగానే మూసిన తలుపు అనుకోకూడదు. 2017లో జీఎస్టీ వచ్చేదాకా మన రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులుండేవి. పండక్కి సొంత ఊరు వెళ్ళివచ్చే మనలాంటి వాళ్ళం బస్సులో కూర్చుని ఆ లారీల వరుసలు చూసినవాళ్ళమే. కొన్ని సరుకులు చీటీ చూపగానే వెళ్ళిపోయేవి, కొన్ని గంటల తరబడి నిలిచిపోయేవి. సంకర మండలం కూడా అలాంటిదే. కొత్త ఇంట ఇబ్బంది కలిగించే జన్యువు ముందుకు పోలేదు, అది మోసుకెళ్ళే కప్పతోనే అంతరిస్తుంది. హాని చేయని జన్యువూ, మేలుచేసే జన్యువూ నెమ్మదిగా అవతలికి దాటిపోగలవు. రెండు జాతులూ వేరుగానే ఉంటాయి, ఇచ్చిపుచ్చుకోవడాలూ సాగుతూ ఉంటాయి.

ఎర్నెస్ట్ మయర్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో జాతికి ఒక నిర్వచనం చెప్పారు. తమలో తాము సంతానం కంటూ, ఇతరులతో అలా కలవని జీవుల సమూహమే ఒక జాతి అని దాని సారాంశం. చాలా జంతువులకు అది చక్కగా సరిపోతుంది. ఈ పొలిమేర కప్పల దగ్గరికి వచ్చేసరికి ఆ నిర్వచనం కాస్త తడబడుతుంది.

అనుభవ హక్కు మాత్రమే

అదే పోలండు దేశంలో ఇంకా చిత్రమైన కప్ప ఉంది. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ పండితుడు లినేయస్ 1758లో ఒక పచ్చని నీటికప్పకు రానా ఎస్కులెంటా అని పేరు పెట్టాడు. తినదగిన కప్ప అని అర్థం. ఐరోపాలో దాని కాళ్ళు వండుకు తింటారు. రెండు వందల ఏళ్ళపాటు అందరూ దాన్ని మామూలు జాతిగానే అనుకున్నారు.

1960ల్లో పోలండులోని లెషెక్ బెర్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కప్పల్ని జతకట్టించి చూశాడు. ఎస్కులెంటా మగదానికీ ఎస్కులెంటా ఆడదానికీ పుట్టిన పిల్లలు చాలావరకు చచ్చిపోయాయి. కుంట కప్ప, పెద్ద చెరువు కప్ప అనదగిన మరి రెండు జాతుల్ని జత చేస్తే మాత్రం పుట్టినవి ఎస్కులెంటాలు! అంటే లినేయస్ పేరుపెట్టినది జాతి కాదు, ఒక సంకరం.

మరి ఏటేటా లక్షల సంఖ్యలో ఎలా పుడుతోంది? ప్రతి జీవికీ తల్లి నుంచి ఒక జన్యువుల పేటిక, తండ్రి నుంచి ఒక పేటిక వస్తాయి. తాను సంతానానికి ఇచ్చేటప్పుడు ఆ రెంటినీ కలగలిపి సగం ఇస్తుంది. ఈ కప్ప అలా చేయదు. చాలా ప్రాంతాల్లో ఇది తన అండాలూ వీర్యకణాలూ తయారు చేసుకునే ముందు కుంట కప్ప పేటికను పూర్తిగా పారేస్తుంది. పెద్ద చెరువు కప్ప పేటికను మాత్రం ముట్టుకోకుండా, కలపకుండా, యథాతథంగా బిడ్డకిస్తుంది. తర్వాత కుంట కప్పతో జతకడుతుంది. బిడ్డకు కుంట కప్ప పేటిక మళ్ళీ కొత్తగా వస్తుంది. బిడ్డ మళ్ళీ ఎస్కులెంటాయే.

బ్యాంకులో తాకట్టు దస్తావేజులు చూసేటప్పుడు మాకు కొన్ని వీలునామాలు ఎదురవుతాయి. "ఈ ఇంటిని నా భార్య బ్రతికినంత కాలం అనుభవించవచ్చును గాని అన్యాక్రాంతము చేయు హక్కు లేదు" అని రాసి ఉంటుంది. ఈ కప్పకు కుంట కప్ప జన్యువుల మీద ఉన్నది సరిగ్గా అటువంటి హక్కే. బ్రతికినంత కాలం వాడుకుంటుంది, వారసులకు ఇవ్వదు. ప్రతి తరమూ మళ్ళీ అద్దెకు తెచ్చుకోవాలి. అందుకే 1982లో ఇటువంటి జీవులకు దొంగ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి క్లెప్టన్ అని పేరు పెట్టారు.

మరి రెండు ఎస్కులెంటాలకు పుట్టిన బిడ్డలు ఎందుకు చచ్చిపోతాయి? తరతరాలుగా కలపకుండా చేతులు మారిన ఆ పేటికలో లోపాలు పేరుకుపోతాయి, సరిదిద్దుకునే దారి ఉండదు. మరమ్మతు లేకుండా వారసుల చేతులు మారిన ఇల్లులాగ. పక్కన కుంట కప్ప పేటిక ఉన్నంతసేపూ ఆ లోపాలు బయటపడవు. రెండు వైపుల నుంచీ అదే పాతపేటిక వస్తే ఇల్లు కూలుతుంది.

నీళ్ళు ఇంకేలోపల

ఇంతదాకా చెప్పిన కథల్లో సంకరం ఒక నష్టంగానో, దొంగతనంగానో కనిపించింది. తెలిసి తెలిసి సంకరాన్ని కోరుకునే కప్ప కూడా ఉంది. అమెరికా నైరుతి భాగంలోని ఎడారి ప్రాంతాల్లో వెనక కాళ్ళకు పారలాంటి అంచున్న కప్పలుంటాయి. ఏడాదిలో ఎక్కువ భాగం భూమిలో దాక్కుని, వేసవి వానలు పడగానే పైకి వచ్చి గుంటల్లో గుడ్లు పెడతాయి. వీటిలో మైదానపు పారకప్ప, మెక్సికో పారకప్ప అని దగ్గరి బంధువులైన రెండు జాతులున్నాయి. మెక్సికో పారకప్ప పిల్లలు త్వరగా ఎదుగుతాయి. మైదానపు పారకప్ప పిల్లలకు ఎక్కువ కాలం పడుతుంది. ఇద్దరికీ పుట్టిన సంకరాలు మైదానపు వాటికంటే త్వరగా ఎదుగుతాయి. కాని సంకరాల్లో మగవి గొడ్డువి, ఆడవి గుడ్లు తక్కువ పెడతాయి.

కరిన్ ఫెన్నిగ్ అనే శాస్త్రజ్ఞురాలు మైదానపు ఆడకప్పలకు రెండు జాతుల మగకప్పల అరుపులూ వినిపించి పరీక్షించింది. లోతు నీళ్ళలో ఉంచినప్పుడు అవి తమ జాతి మగదాని గొంతు వైపే మొగ్గాయి. నీళ్ళు పలచగా ఉన్నప్పుడు మాత్రం పొరుగు జాతి గొంతు వైపు మొగ్గు పెరిగింది. ఈ ఫలితం 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. నీళ్ళు ఇంకిపోయే గుంటలో సొంత జాతి బిడ్డ కాళ్ళు మొలవకముందే ఎండి చనిపోతుంది. గొడ్డుబోయినా సరే, బ్రతికి గట్టెక్కే బిడ్డ నయం. ఆ ఆడకప్ప ఇదంతా ఆలోచించి చేస్తోందని కాదు. అలా ఎంచుకున్న తల్లుల వంశాలు మిగిలాయి, అంతే.

పొరుగున ఉంటే పలుకు మారుతుంది

కప్పల పొలిమేరల్లో ఇంకో వింత జరుగుతుంది. ఇది ప్రవాసంలో ఉన్న మన పాఠకులకు నచ్చుతుందని చెబుతున్నాను. ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో దగ్గరి బంధువులైన రెండు చెట్టుకప్ప జాతుల పిలుపులను ముర్రే లిటిల్‌జాన్ అనే శాస్త్రజ్ఞుడు టేపుల మీద రికార్డు చేసి 1965లో పోల్చి చూపించాడు. ఒక జాతి ఒక్కటే ఉండే దూర ప్రాంతాల్లో వాటి పిలుపులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. రెండూ కలిసి ఒకే చోట ఉండే ప్రాంతంలో మాత్రం పిలుపుల్లో తేడా స్పష్టంగా పెరిగింది.

కారణం సులభమే. పొరుగున ఎవరూ లేనిచోట గొంతు కాస్త అటూ ఇటూ ఉన్నా నష్టం లేదు. పొరుగు జాతి పక్కనే కూస్తున్నప్పుడు మగకప్ప గొంతు తనదే అని ఆడకప్పకు తెలియాలి. తెలియని వంశాలు సంకరాల నష్టం భరించి తగ్గిపోతాయి. తరాలు గడిచేకొద్దీ పొలిమేరలో పిలుపులు దూరం జరుగుతాయి. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఇంట్లో తెలుగు మాట్లాడాలని పట్టుబట్టే నాయనమ్మలను చూసినప్పుడు నాకీ కప్పలు గుర్తొస్తాయి. పోలిక అంతవరకే. నాయనమ్మ తెలుగు నిలబెట్టుకుంటూనే పక్కింటి వాళ్ళతో వాళ్ళ భాషలో గలగలా మాట్లాడగలదు. ఆ విద్య ఏ కప్పకూ లేదు.

జాతి అన్న మాట

పోలిక ఎక్కడ ఆగాలో చెప్పవలసిన బాధ్యత కూడా ఉంది. మన భాషలో జాతి అన్న మాట చాలా బరువులు మోస్తోంది. తెలుగుజాతి అంటాం, భారతజాతి అంటాం, కులాన్ని కూడా జాతి అనేవారున్నారు. జీవశాస్త్రపు పుస్తకాల్లో జాతి అన్నది ఇవేవీ కాదు. అక్కడ పులి ఒక జాతి, సింహం ఇంకొక జాతి. ఆ లెక్కన భూమి మీది మనుషులందరూ కలిపి ఒకే ఒక జాతి. ఎర్రపొట్ట, పసుపుపొట్ట కప్పలు విడిపోయి పదుల లక్షల ఏళ్ళు. నేటి మనుషులందరి ఉమ్మడి చరిత్ర మూడు లక్షల ఏళ్ళకు అటూ ఇటూగా ఆఫ్రికాలో మొదలైంది. మనమధ్య ఉన్న తేడాలు ఆ ఒక్క కుటుంబంలోని తేడాలే.

ఈ మాట ఎందుకంటున్నానంటే, పెళ్ళి సంబంధాల దగ్గర కొందరు "రక్తం కలిస్తే పిల్లలు తేడా చేస్తారు, సైన్సే చెబుతోంది" అంటూ ఉంటారు. మన కుటుంబాల్లో కన్నడిగుల కోడళ్ళున్నారు, తమిళ అల్లుళ్ళున్నారు, ఒడియా వియ్యంకులున్నారు. వారి పిల్లలకు సంకర కప్పల నష్టం వర్తించదు, ఎందుకంటే అక్కడ కలిసినవి రెండు జాతులు కావు. సైన్సు నిజానికి హెచ్చరించేది దగ్గరి రక్తసంబంధాల గురించి. మేనరికాల్లో తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ, అది బిడ్డలో బయటపడవచ్చు. రెండు వైపుల నుంచీ అదే పాతపేటిక వచ్చిన ఎస్కులెంటా బిడ్డల్ని గుర్తు తెచ్చుకోండి. అమ్మాయి భాష ఏది, ఊరు ఏది అన్న వాదనల్లో కప్పల్ని సాక్ష్యానికి పిలవకూడదు.

మనిషి చెయ్యి పడితే

తక్కెడ దానంతటది సమంగా ఉన్నా, మనిషి చెయ్యి పడితే ఊగుతుంది. చెరువులు పూడ్చితే ఎర్రపొట్టలు పోతాయి. అడవి దారులకు తారు పోస్తే బండిగాడులు పోయి పసుపుపొట్టలకు గుడ్లు పెట్టే చోటుండదు. ఐరోపా సమాజం 1992లో చేసిన నివాస రక్షణ చట్టంలో ఈ రెండు కప్పల్నీ చేర్చింది. నీటికప్పల కథ మరీ విచిత్రం. తినడం కోసం తూర్పు ప్రాంతాల నుంచి ప్రాణాలతో తెప్పించిన పెద్ద చెరువు కప్పలు స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల్లో తప్పించుకుని స్థిరపడ్డాయి. అవి స్థానిక కుంట కప్పలనూ ఎస్కులెంటాలనూ పక్కకు నెడుతున్నాయి. కుంట కప్ప పోతే అద్దె పేటిక దొరకక ఎస్కులెంటా కూడా పోతుంది.

ఐరోపా వాళ్ళ కప్పకాళ్ళ మోజుకు మన దేశం కూడా చాలా ఏళ్ళు సరుకు పంపింది. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు ఇలా పోతే పంటలకు చేటని గుర్తించి 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

ప్రపంచంలో ఇప్పటికి ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతుల్ని గుర్తించారు. మన దేశంలోనే నాలుగు వందలకు పైగా ఉన్నాయి. పశ్చిమ కనుమల్లో కొత్తవి ఇప్పటికీ బయటపడుతున్నాయి. వాటిని వేరుచేసి పట్టిచ్చేవాటిలో గొంతు ముఖ్యమైనది. తొలకరి వాన పడిన రాత్రి మీ ఊరి చెరువుగట్టు వైపు పిల్లల్ని తీసుకువెళ్ళండి. మనకు అదంతా ఒకే బెకబెకలా వినిపిస్తుంది. కాస్త ఓపిక పడితే అందులో రెండు మూడు వేర్వేరు గొంతులు విడివిడిగా తెలుస్తాయి. ఎన్ని తెలిశాయో పిల్లల్నే లెక్క రాయమనండి. ఏటేటా రాస్తూ పోతే, ఏ గొంతు తగ్గిందో ముందుగా చెప్పగలిగేది వాళ్ళే అవుతారు.